కర్త లేని వాక్యాలు: పనామా కాలువ విహారయానమూ యాత్రారచనా

యాత్రారచనను మన విమర్శ ఇంతవరకు గట్టిగా పట్టించుకోలేదు. కథనూ కవితనూ నవలనూ ఏ దృక్పథంతో రాశావని నిలదీసే విమర్శకులు యాత్రారచన దగ్గరికి వచ్చేసరికి 'చక్కటి సమాచారం, సరళమైన శైలి' అని రెండు మంచిమాటలు చెప్పి తప్పుకుంటారు. చూసింది చూసినట్టు రాసేవాడికి దృక్పథంతో పనేమిటని కాబోలు వారి భావన. కాని చూడటమే ఒక ఎంపిక. రచయిత ఎక్కడ నిలబడి చూశాడు, దేన్ని చూశాడు, చూసినదాన్ని ఎటువంటి వాక్యంలో పెట్టాడు అనే ఈ మూడింటిలో అతని పక్షం బయటపడుతుంది. ఈ మాటను పరీక్షించటానికి పనామా కాలువ మీద సాగే విహారనౌకా ప్రయాణాన్ని తీసుకుంటున్నాను. కొండా నదీ సముద్రమూ వర్ణించేటప్పుడు రచయిత మనిషిని మరచిపోతే ప్రకృతి సౌందర్యం అడ్డం పెట్టుకోవచ్చు. కాలువ దగ్గర ఆ సాకు చెల్లదు. అది అడుగడుగునా మనిషి చేసిన వస్తువు.

ముందు ఆ ప్రయాణం సంగతి. కరిబియన్ వైపు నుంచి వచ్చిన ఓడ గాటూన్ వద్ద మూడు మెట్ల లాకులు ఎక్కి సముద్రమట్టానికి సుమారు 26 మీటర్ల ఎత్తున ఉన్న గాటూన్ సరస్సులో ప్రవేశిస్తుంది. సరస్సు దాటాక కులేబ్రా కొండను చీల్చిన కోత గుండా పోయి, పెద్రో మిగేల్ వద్ద ఒక మెట్టూ మిరాఫ్లోరెస్ వద్ద రెండు మెట్లూ దిగి పసిఫిక్‌లో పడుతుంది. మొత్తం దారి సుమారు 80 కిలోమీటర్లు. ఒక పగటి ప్రయాణం. గోదావరి, కృష్ణా డెల్టాల పాఠకులకు లాకు అంటే ఏమిటో విడమర్చి చెప్పనక్కరలేదు. మన పంటకాలువల మీద పడవలు ఎక్కి దిగిన ఉపాయమే అది. కాకపోతే అక్కడి పాత లాకు గది ఒక్కొక్కటి 305 మీటర్ల పొడవు, 33.5 మీటర్ల వెడల్పు. గదులు నింపటానికి పంపులు లేవు. ఎగువ సరస్సు నీళ్ళు తమ బరువుతో తామే దిగివచ్చి కొండంత ఓడను పైకెత్తుతాయి. 'కంచరగాడిదలు' అని ముద్దుపేరు పెట్టిన విద్యుత్ ఇంజన్లు ఇరుపక్కలా పట్టాల మీద నడుస్తూ, ఓడ గోడలకు రాసుకోకుండా తీగతాళ్ళతో బిగించి పట్టుకుంటాయి. పెద్ద ఓడకూ గోడకూ మధ్య ఎడం కొన్నిచోట్ల రెండడుగులే.

డెక్కు మీద పడకకుర్చీలో కూర్చున్న ప్రయాణికుడికి ఇదంతా అద్భుతంగా కనిపిస్తుంది. అద్భుతమే, అందులో సందేహం లేదు. అభ్యుదయ విమర్శకుడు ఇంజనీరింగ్ విజయాన్ని చూసి మూతి ముడుచుకోనక్కరలేదు. ప్రకృతిని మనిషి తన అవసరానికి మలచుకున్న ఘట్టాల్లో ఇది ఒకటి. అయితే ప్రశ్న వేరు: ఈ ఆశ్చర్యం ఎవరికి చెందాలి?

విహారనౌకల ప్రకటనలు, మార్గదర్శక పుస్తకాలు, ఓడ మీద మైకులో వినిపించే వ్యాఖ్యానం, వీటిని తెలుగులోకి దించుకుని పత్రికలకు పంపే యాత్రావ్యాసాలు ఈ ప్రశ్నకు ఇచ్చే సమాధానం వాటి వాక్యాల్లోనే ఉంది. బడిలో వ్యాకరణం చెప్పుకుని బతికేవాణ్ణి గనుక నా కన్ను ముందు అక్కడికే పోయింది. ఆ వాక్యాలు మూడు రకాలు.

మొదటిది: 'ఈ కాలువ 1904-1914 మధ్య నిర్మించబడినది.' ఇందులో కర్మ ఉంది, క్రియ ఉంది, కర్త లేడు. ఈ 'బడు' ప్రయోగం జీవద్భాషకు సహజం కాదని మనవాళ్ళు ఎప్పటినుంచో చెబుతున్నారు. పల్లెలో ఎవరూ 'మా బావి తవ్వబడింది' అనరు. భాషలో అసహజమైన ఈ ప్రయోగం యాత్రావ్యాసంలో ఒక పని చేసిపెడుతుంది. పనిచేసినవాణ్ణి వాక్యంలో నుంచి మర్యాదగా బయటికి పంపుతుంది.

రెండోది: 'ఫ్రెంచివారు ఓడిపోయినచోట అమెరికా కాలువ తవ్వింది', లేదా 'కర్నల్ గోథల్స్ కాలువ నిర్మించాడు.' ఇందులో కర్త ఉన్నాడు, కాని దొంగ కర్త. దేశాలు పలుగూ పారా పట్టవు. గోథల్స్ సమర్థుడైన ఇంజనీరే, పని నడిపించినవాడే. కాని ఆయన తవ్వలేదు, తవ్వించాడు. మన భాషలో ఈ తేడా ఎంత స్పష్టంగా ఉందో చూడండి. తవ్వటం వేరు, తవ్వించటం వేరు. కట్టటం వేరు, కట్టించటం వేరు. చెరువులు తవ్వించిన రాజుల్నీ సత్రాలు కట్టించిన శెట్లనూ పొగిడేటప్పుడు కూడా తెలుగువాడు ఆ 'ఇంచు' అనే రెండక్షరాలు మరచిపోలేదు. ఆ రెండక్షరాల్లో 'ఎవరి చేత?' అనే ప్రశ్న ఇమిడి ఉంది. ఇంగ్లీషు పుస్తకం నుంచి దించుకున్న రచయిత ఆ రెండక్షరాలు పారేసుకోవటం అనువాదంలో దొర్లిన చిన్న పొరపాటు కాదు. అది దృక్పథ దోషం.

ఈ దొంగ కర్తను సృష్టించింది ఆనాటి పాలకులే. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ 1906 నవంబరులో పనామా వెళ్ళి తెల్లదుస్తుల్లో ఆవిరి పార యంత్రం మీద కూర్చుని ఫోటో తీయించుకున్నాడు. ఆ బొమ్మ లోకమంతా తిరిగింది. కాలువ పూర్తయిన సంబరంగా 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిపిన ప్రదర్శనకు పెర్హామ్ నాల్ అనే చిత్రకారుడు ఒక ప్రకటన చిత్రం వేశాడు. దాని పేరు 'హెర్క్యులీస్ పదమూడో కార్యం'. కండలు తిరిగిన ఒకే ఒక్క మహావీరుడు రెండు చేతులతో కొండను రెండుగా నెట్టి దారి తీస్తున్నాడు. పురాణంలో హెర్క్యులీస్ చేసినవి పన్నెండే. పదమూడోదాన్ని ఈ బొమ్మ కలిపింది. వేలమంది చేసిన పనిని ఒక్కడి భుజాల మీద పెట్టటం ఆ చిత్రంలోని అసలు శిల్పం. విహారనౌక వ్యాఖ్యాత నేటికీ ఆ బొమ్మనే మాటల్లో గీస్తున్నాడు.

మూడో రకం వాక్యం 'నేను కాలువ దాటాను.' ఇందులో కర్త రచయితే. రిచర్డ్ హాలిబర్టన్ అనే అమెరికన్ యాత్రారచయిత 1928లో ఈ కాలువను అంచెలంచెలుగా ఈది దాటాడు. అతన్ని కూడా ఒక ఓడగా లెక్కించి, బరువును బట్టి 36 సెంట్లు సుంకం వసూలు చేశారు. చమత్కారమైన సంఘటన, నేటికీ ప్రతి వ్యాఖ్యాతా చెప్పి నవ్విస్తాడు. కాని ఆ 36 సెంట్ల పక్కన మరొక అంకె పెట్టి చూడాలి. కాలువ తవ్విన వెస్టిండియన్ కూలీకి గంటకు 10 సెంట్లు, రోజుకు పది గంటల పని. నవ్వించే ఆ సుంకం అతని మూడున్నర గంటల పైచిలుకు కష్టం. 2010లో 'నార్వేజియన్ పెర్ల్' అనే విహారనౌక ఒక్కసారి దాటటానికి 3,75,600 డాలర్లు చెల్లించింది. నూరేళ్ళలో డాలరు విలువ మారింది గనుక ఈ రెండింటినీ నేరుగా పోల్చకూడదు. కాని మొదటి అంకెనూ చివరి అంకెనూ చెప్పి మధ్యలో కూలి అంకెను వదిలేసిన రచన లెక్కల పుస్తకంగా కూడా తప్పే.

ఇక అసలు కర్త ఎవరు? 1881లో సూయజ్ ఖ్యాతితో వచ్చిన ఫెర్డినాండ్ ద లెసెప్స్ కంపెనీ 1889లో దివాలా తీసేనాటికి అక్కడ సుమారు 22,000 మంది చనిపోయి ఉంటారని అంచనా. అమెరికన్ల కాలంలో అధికార లెక్క ప్రకారమే రోగాలకూ ప్రమాదాలకూ బలైనవారు 5,609 మంది. అందులో సుమారు 4,500 మంది నల్లవారు. సుమారు రెండు లక్షల జనాభా ఉన్న బార్బడోస్ ద్వీపం నుంచి దాదాపు 20,000 మంది ఒప్పందం మీద వచ్చారు. జమైకా నుంచి, మార్టినిక్, గ్వాడలూప్‌ల నుంచి ఇంకెందరో. చెరకు తోటల్లో బతుకు గడవక వచ్చినవాళ్ళు. పనామాలో వాళ్ళ పేర్లు 'వెండి పట్టీ'లో ఎక్కాయి. తెల్ల అమెరికన్లది 'బంగారు పట్టీ'. జీతం చెల్లించే నాణెం నుంచి పుట్టిన ఈ విభజన దుకాణాలకూ తపాలా కిటికీలకూ ఆసుపత్రి వార్డులకూ పాకింది. అంటరానితనం ఎరిగిన దేశంలో పుట్టిన పాఠకుడికి దీని అర్థం మరొకరు చెప్పాలా?

వ్యాఖ్యాతలు గర్వంగా చెప్పే మరో ఘట్టం దోమల మీద విజయం. డాక్టర్ గోర్గస్ దోమలను అరికట్టి 1906 నాటికి పచ్చజ్వరాన్ని తుడిచిపెట్టాడు. గొప్ప విజయమే. కాని అదే 1906లో నల్లకూలీలను అన్నిటికంటే ఎక్కువగా చంపింది న్యుమోనియా. వానలో తడిసిన బట్టలతో పనిచేసి, మారుబట్ట లేక, కిక్కిరిసిన బారకాసుల్లో ఆ తడిబట్టతోనే పడుకున్న మనుషుల జబ్బు అది. దాన్ని నయం చేయటానికి దోమల మందు చాలదు. కూలి పెరగాలి, ఇల్లు కావాలి. అందుకే ఆ విజయగాథలో న్యుమోనియాకు చోటు లేదు. ఒక నిజం చెప్పి దాని పక్క నిజాన్ని దాచటం అబద్ధం చెప్పటానికి మర్యాదస్తుల పద్ధతి.

'విహారానికి వెళ్ళినవాణ్ణి ఇవన్నీ అడగటం న్యాయమా?' అని కొందరు అనవచ్చు. విహారం తప్పు కాదు. జీవితమంతా పనిచేసి నాలుగు రోజులు సముద్రం మీద గడిపిన మనిషిని నేను తప్పుపట్టను. కాని అతను కలం పట్టి అచ్చుకు పంపిన క్షణం నుంచి రచయిత. అతన్ని అడిగే హక్కు పాఠకుడికి ఉంది. మన తొలి యాత్రారచయిత ఏనుగుల వీరాస్వామి 1830-31లో కాశీకి పోయింది పల్లకీలో. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన సంపన్నుడు. అతని విశ్వాసాలు అతని కాలానివి. అయినా 'కాశీయాత్ర చరిత్ర'లో దారి, దిగుడు, వాగు, సరుకు, ధర, ఊరి జనం, పల్లకీ మోసే బోయీలు అన్నీ ఉన్నాయి. పల్లకీలో కూర్చున్నవాడికి కనిపించినవి డెక్కు మీద కూర్చున్నవాడికి కనిపించకపోవటానికి ఎత్తు కారణం కాదు.

డెక్కు కింద నుంచి, నీళ్ళలో నుంచి ఓడను చూసిన రచయిత ఒకడున్నాడు. ఎరిక్ వాల్‌రండ్ 1898లో బ్రిటిష్ గయానాలో పుట్టి, బార్బడోస్‌లోనూ పనామాలోనూ పెరిగినవాడు. అతని కథాసంపుటి 'ట్రాపిక్ డెత్' 1926లో వచ్చింది. అందులో 'ది వార్ఫ్ ర్యాట్స్' అనే కథను మన యాత్రారచయితలు తప్పక చదవాలి. కాలువ పనికి వచ్చి కోలోన్ ప్రాంతంలో స్థిరపడిన నల్లకుటుంబంలోని పిల్లలు రేవుకు వచ్చే ఓడల చుట్టూ చిన్నపడవ మీద తిరుగుతారు. తెల్లప్రయాణికులు సరదాకు నీళ్ళలోకి నాణేలు విసురుతారు. పిల్లలు మునిగి నోటితో, చేత్తో అందుకుని పైకి తేలతారు. ఒకనాడు ఒక కుర్రవాణ్ణి సొరచేప తీసుకుపోతుంది.

ఈ కథలో ఉపన్యాసం లేదు. ప్రయాణికులు రాక్షసులు కారు; బహుశా మంచివాళ్ళే, డబ్బులిస్తున్నామనే అనుకుంటారు. ఆ నాణెం విసిరిన చేతికీ అందుకున్న చేతికీ మధ్య ఉన్న దూరమే కథావస్తువు. విహారయాత్రను రెండో వైపు నుంచి చూపించిన రచన ఇది. అదే సంపుటిలోని 'సబ్జెక్షన్' కథలో, తోటి కూలీని కొడుతుంటే అడ్డుపడిన పాపానికి ఒక కూలీ అమెరికన్ సైనికుడి తుపాకికి బలవుతాడు. 'డ్రౌట్' కథ బార్బడోస్‌లోని కరువును చెబుతుంది. అంటే మనిషి ఎందుకు ఓడ ఎక్కాడో, ఎక్కి ఏమయ్యాడో రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. కార్యకారణ సంబంధం చూపటమే వాస్తవికత అయితే, వాల్‌రండ్ ఎటువంటి నినాదమూ లేకుండా దాన్ని సాధించాడు.

అతను ఒంటరి కాడు. బార్బడోస్ నవలాకారుడు జార్జ్ లామింగ్ 1953లో రాసిన 'ఇన్ ద కాజిల్ ఆఫ్ మై స్కిన్'లో పనామాలో సంపాదించి వచ్చిన ముసలివాడు ఉన్నాడు. పనామా రచయిత హోకిన్ బెలేన్యో 1951లో 'లూనా వెర్దె', 1960లో 'గంబోవా రోడ్ గ్యాంగ్' నవలలు రాసి కాలువ మండలంలోని జాత్యహంకారాన్ని స్వదేశీయుడి కళ్ళతో చూపించాడు. 1963లో పనామాలోని ఒక చరిత్ర సంఘం, నిర్మాణకాలపు అనుభవాలు రాయమని పాత కూలీలకు పోటీ పెడితే నూరుకు పైగా ఉత్తరాలు వచ్చాయి. అప్పటికి వాళ్ళంతా వృద్ధులు. తడిబట్టలు, చలిజ్వరం, బండ్ల కింద పడ్డ స్నేహితులు, పేలిన డైనమైట్ అన్నీ ఆ ఉత్తరాల్లో ఉన్నాయి. వాటితోపాటు మరొకటీ ఉంది: ఆ పని తాము చేశామన్న గర్వం.

ఈ గర్వం దగ్గర మనవాళ్ళు కూడా ఆగి ఆలోచించాలి. విహారనౌక రచయితను విమర్శించటం తేలిక. కాని మన శిబిరంలో కాలువల మీద, ఆనకట్టల మీద వచ్చే రచనల్లో 'రక్తం', 'చెమట', 'ఎముకల గుట్టలు' అనే మాటలు ఎన్నిసార్లు వస్తాయో లెక్కపెట్టండి. చెమట కారింది, రక్తం పారింది, కాని ఎవరిది? ఏ ఊరు, ఎంత కూలి, ఏ ఇంట్లో పడుకున్నాడు, ఇంటికి ఎంత పంపాడు? ఇవి లేని చోట 'చెమట' కూడా 'నిర్మించబడింది' వంటి మాటే. రెండు చోట్లా మనిషి లేడు. పైగా శ్రామికుణ్ణి చచ్చిపోవటానికే పుట్టినవాడిగా చిత్రిస్తే అతని నైపుణ్యాన్నీ అతని గర్వాన్నీ మనమే దోచుకున్నవాళ్ళమవుతాం. కాలువ తవ్వినవాడికి దుఃఖం మీద ఎంత హక్కు ఉందో ఆశ్చర్యం మీదా అంత హక్కు ఉంది. మొదట్లో అడిగిన ప్రశ్నకు ఆ ముసలి కూలీల ఉత్తరాలే సమాధానం.

యాత్రారచయిత చూడదగినది గతమే కాదు. ఓడ తేలిపోతున్న గాటూన్ సరస్సు, చాగ్రెస్ నదికి అడ్డుకట్ట వేసి ఊళ్ళను ముంచితే ఏర్పడింది. 1912 నుంచి కాలువ మండలంలోని పట్టణాలనూ పల్లెలనూ ఖాళీ చేయించారు. మరిస్సా లాస్సో అనే చరిత్రకారిణి 2019లో ప్రచురించిన 'ఇరేజ్డ్' అనే పుస్తకంలో ఆ ఊళ్ళ చరిత్ర చెప్పింది. డెక్కు మీదివాడు అనాది అడవి అనుకుని ఫోటో తీసుకునే చోట ఒకప్పుడు బజార్లు ఉండేవి. పాత లాకుల్లో ఒక్క ఓడ దాటితే దాదాపు 20 కోట్ల లీటర్ల మంచినీళ్ళు సముద్రం పాలవుతాయి. పనామా, కోలోన్ నగరాలు తాగే నీళ్ళు కూడా ఈ సరస్సుల నుంచే. 2023లో వానలు మొహం చాటేస్తే, మామూలుగా రోజుకు 36 దాకా పోయే ఓడలను 2024 జనవరి నాటికి 24కు తగ్గించవలసి వచ్చింది. నీటికోసం ఇండియో నది మీద కొత్త ఆనకట్ట ప్రతిపాదించారు. మునిగిపోయే లోయలోని రైతులు 2025లో తమ పడవలెక్కి నదిలోనే నిరసన తెలిపారు. మళ్ళీ ఒక సరస్సు, మళ్ళీ కొన్ని ఊళ్ళు. శ్రీశైలం, నాగార్జునసాగర్ ముంపు ఎరిగిన తెలుగు పాఠకుడు ఆ రైతుల్ని దూరదేశపువాళ్ళుగా చూడలేడు.

ఓడలోపల కూడా మనుషులున్నారు. పడకలు సర్దేవాళ్ళు, వంటశాలలో గిన్నెలు తోమేవాళ్ళు, ఇంజను గదిలో చమురుతో తడిసినవాళ్ళు. ఫిలిప్పీన్స్, ఇండోనేసియా, మన దేశం నుంచి నెలల తరబడి ఒప్పందం మీద వచ్చినవాళ్ళు. 2006 నాటి అంతర్జాతీయ నావిక కార్మిక ఒడంబడిక ప్రకారం వాళ్ళకు వారానికి 72 గంటల దాకా పని చెప్పవచ్చు. వారానికి ఆరు రోజులు, రోజుకు పది గంటలు పనిచేసిన వెండి పట్టీ కూలీకి 60 గంటలు. గరిష్ఠమూ మామూలూ ఒకటి కాదు, నిజమే. అయినా ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుని ఒక్క పూట ఆలోచించిన యాత్రారచయిత తన గది తుడిచిన మనిషి పేరు అడగకుండా ఉండలేడు.

1964 జనవరి 9న తమ జెండా కోసం పనామా విద్యార్థులు కాలువ మండలంలోకి నడిచిపోయారు. ఆ అలజడిలో ఇరవై మందికి పైగా ప్రాణాలిచ్చారు. 1977లో ఒప్పందాలు కుదిరాయి. 1999 డిసెంబరు 31న కాలువ పనామా చేతికి వచ్చింది. దేశం పేరు మీద ఉన్న కాలువ దేశానిది కావటానికి 85 ఏళ్ళు పట్టింది. తవ్వినవాళ్ళ పేరు మీద వాక్యం రావటానికి ఇంకా ఎంతకాలం పడుతుంది?

మన సముద్రతీరం వెంట సాగే బకింగ్‌హాం కాలువకు గవర్నరు పేరు ఉంది. 1876-78 కరువులో గంజికోసం మట్టి మోసి అందులో కొంతభాగం తవ్వినవాళ్ళ పేరు దాని మీద ఎక్కడా లేదు. కనుక ఈ జబ్బు పనామాకు వెళ్ళే రచయితలదే కాదు, ఇంట్లో కూర్చుని రాసే మనదీ. రాయబోయే మిత్రులకు నా మనవి ఒక్కటే. కాలువను ఎంతైనా మెచ్చుకోండి. లాకు తలుపులు తెరుచుకున్నప్పటి ఆనందాన్ని దాచుకోకండి. కాని వ్యాసం పూర్తయ్యాక, బడిపిల్లవాడు చేసినట్టే, ప్రతి క్రియ కిందా గీత గీసి 'ఎవరు?' అని అడగండి. 'నిర్మించబడింది' అన్న చోట 'తవ్వారు' అని దిద్దండి. 'తవ్వాడు' అన్న చోట తవ్వించినవాడైతే 'తవ్వించాడు' అనండి. ఆపైన తవ్వినవాళ్ళ ఊరూ కూలీ పేరూ వెతకండి. అవి దొరికిననాడు మీ ఆశ్చర్యం చేరవలసిన చోటికి చేరుతుంది.